డ్రేటన్ హాల్‌ని బాగుచేయకుండా అలా ఎందుకు వదిలేశారు?

ప్రయాణాలపిచ్చి:
సౌత్ కరోలినాలో చార్లెస్టన్ వచ్చి ఉన్నాం, పోయిన వారం డ్రేటన్ హాల్ చూశాం. ఆష్లీ నది పక్కన ఇటుకల మేడ, రెండంతస్తుల వరండా, తెల్లటి స్తంభాలు, బయటినుంచి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. తీరా లోపలికెళ్తే ఒక్క కుర్చీ లేదు, కరెంటు లేదు, గోడల మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. టికెట్ తీసుకుంటున్నారు కదా, రంగులేసి పాతకాలం సామాను పెట్టొచ్చు కదా అని నేను, అలాగే బాగుందని మా ఆవిడ, హోటల్‌కి వచ్చేదాకా ఒకటే వాదన. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతగోడలు:
మీ ఆవిడ మాటే రైటండి. ఆ ఇల్లు జాన్ డ్రేటన్ 1738లో మొదలుపెట్టాడు, పూర్తయ్యేసరికి 1750లు వచ్చేశాయి. 1974 వరకు ఏడు తరాలు ఒకే కుటుంబం చేతిలో ఉంది, ఎవరూ అందులో కరెంటు గానీ కుళాయిలు గానీ పెట్టించలేదు. పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ తీసుకున్నాక, దాన్ని ఏ సంవత్సరం నాటిలా చేయాలి అన్న ప్రశ్న వచ్చింది. 1750 నాటిలా చేద్దామంటే ఆ తర్వాతివన్నీ గీకేయాలి. ఒక తలుపు చట్రం మీద పిల్లల ఎత్తు కొలిచి పెట్టిన గీతలున్నాయి, చూశారా? కొత్తగా రంగేస్తే ముందు పోయేది అదే. అందుకే ఏదీ తీసేయకుండా, ఉన్నది ఉన్నట్టు నిలబెడదాం అనుకున్నారు.

అలాగని గాలికి వదిలేయలేదండి. పైకప్పు కారకుండా, గోడల్లోకి చెమ్మ ఎక్కకుండా ఏడాది పొడుగునా పనే. మేడకి అటూ ఇటూ రెండు చిన్న భవనాలుండేవి, ఒకటి 1886 భూకంపంలో, ఇంకోటి 1893 తుపానులో పోయాయి. పాత కట్టడం ఒకసారి పోతే మళ్ళీ రాదు. లూసియానాలో నాటోవే అనే మేడ చూడండి, 1859లో కట్టింది, అంత పెద్ద మేడ 2025 మేలో ఒక్క రోజులో కాలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

సున్నంపని:
ఒక్క మాట కలుపుతాను. బాగుచేయడం అనుకుని పాడుచేసేవాళ్ళే ఎక్కువ. ఆ కాలం ఇటుక మెత్తన, మధ్యలో పెట్టింది సున్నం. గోడలో చెమ్మ ఆ సున్నంలోంచే బయటికి పోతుంది, అరిగితే సున్నం అరుగుతుంది, మళ్ళీ నింపుకోవచ్చు. అక్కడ సిమెంటు కూరితే చెమ్మకి దారి మూసుకుపోయి ఇటుకలోంచే రావాలి, ఇక ఇటుక మొహం పొరలు పొరలుగా రాలిపోతుంది. మేం కొన్న పాత ఇంటికి ఒకాయన గట్టిగా ఉంటుందని సిమెంటే పెట్టాడు, రెండు చలికాలాలు తిరిగేసరికి ఎర్రటి పొడి చేతికి అంటుకునేది. మీలో ఎవరైనా పాత ఇల్లు కొంటుంటే ముందు మేస్త్రీకి సున్నం పని వచ్చా అని అడగండి.

నదిఒడ్డు:
అందరూ మేడ గురించే రాస్తున్నారు. ఆ ఇటుకలు మోసింది, ఆ ఇంటికి డబ్బు తెచ్చిన వరి పొలాల్లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది ఆఫ్రికానుంచి పట్టుకొచ్చిన బానిసలు, వాళ్ళ పిల్లలు. గేటు దగ్గరే వాళ్ళ శ్మశానం ఉంది, చూశారా? చాలా సమాధులకి రాయి కూడా లేదు, చెట్లు, ఆకులు, నేలలో చిన్న చిన్న పల్లాలు, అంతే. రిచ్‌మండ్ బోవెన్స్ అని, ఆ బానిసల వంశంలో 1908లో పుట్టిన పెద్దాయన, అక్కడే గేటు దగ్గర పనిచేస్తూ వచ్చినవాళ్ళకి తనవాళ్ళ కథలు చెప్పేవారు. శ్మశానాన్ని చదును చేయొద్దు, వాళ్ళని అలాగే పడుకోనివ్వండి అన్నారు. ఆ మాటే ఇప్పుడు అక్కడ కమాను మీద ఉంది. 1998లో ఆయన పోతే ఆయన్నీ అక్కడే ఉంచారు. ఇంటికి రంగు ఎందుకు వేయలేదు అన్నదానికి నాకు దొరికిన జవాబు కూడా అక్కడే.

ప్రయాణాలపిచ్చి:
శ్మశానం పక్కనుంచే కారులో వెళ్ళిపోయామండి, దిగలేదు. తలుపు మీద గీతలు మా ఆవిడ చూపిస్తే, ఎవరో పిచ్చిగీతలు గీశారు అన్నాను. ఇందాకే మీ జవాబులన్నీ తనకి చదివి వినిపించాను. ఈ ఆదివారం ఇంటికి బయల్దేరేలోపు మళ్ళీ ఒకసారి వెళ్తున్నాం, ఈసారి గేటు దగ్గరే ఆగుతాం.