పెళ్లికి ముందు రీబాండింగ్ చేయించుకోవచ్చునా?

ప్రశ్న (నల్లగొండ నుండి)

అందరికీ నమస్కారం. నా జుట్టు పుట్టుకతోనే రింగులు తిరిగినది, ఒత్తుగా నడుము దాకా ఉంటుంది. వచ్చే మాఘమాసంలో నా పెళ్లి నిశ్చయమైంది. ప్రధానం నాటి ఫోటోలు చూసినప్పటి నుండి మా వదిన, పెళ్లిలోపు రీబాండింగ్, అంటే మందుతో జుట్టును నిటారుగా చేసే పద్ధతి, చేయించుకొమ్మని, ఒక్కసారి చేయిస్తే ఇక చిక్కు తీసుకునే బాధే ఉండదని చెబుతున్నది. మా అమ్మకు ఇది ఏమాత్రం ఇష్టం లేదు. మందు పెట్టిన జుట్టు కుదుళ్లతో సహా ఊడిపోతుందని ఆమె భయం.

నా జుట్టు మీద నాకు కోపం లేదు. కాని ఇంట్లో బోరు నీళ్లతో తలస్నానం చేసిన రోజు అది పీచులాగా లేచి నిలబడుతుంది, నూనె పెట్టకపోతే జడకు లొంగదు. ఉద్యోగానికి రోజూ బస్సులో వెళ్లి వచ్చే నాకు ఉదయం పూట అంత సమయం దొరకదు. పార్లర్లలో అడిగితే ఒకరు రీబాండింగ్ అన్నారు, ఇంకొకరు స్మూతెనింగ్ అన్నారు, మరొకరు కెరాటిన్ ట్రీట్‌మెంట్ అయితే మందు తక్కువ కాబట్టి భయమే లేదన్నారు. వీటికి తేడా ఏమిటో, ఎంతకాలం నిలుస్తాయో, ఆరోగ్యానికి ఏమైనా హాని ఉందో తెలిసినవారు వివరంగా చెప్పగలరా? నేను కొంతకాలంగా తలకు మెహందీ కూడా పెట్టుకుంటున్నాను. అది అడ్డు వస్తుందా?

జవాబు (మహబూబ్‌నగర్‌లో పార్లర్ నడుపుతున్నాను)

చెల్లె, ఈ పని చేసి డబ్బు తీసుకునే దానిని కాబట్టి నా మాటను ఆ మేరకు తూచి చూసుకో. అయినా పెళ్లికూతురివి కనుక, మొదట పెళ్లి సంగతే చెబుతాను.

పెళ్లినాడు నీకు వేసేది పూలజడ. దానికి సవరం కలిపి, నడినెత్తి మీద జుట్టును కాస్త ఎత్తు లేపి, పిన్నులతో బిగిస్తాము. రీబాండింగ్ చేసిన జుట్టు నున్నగా జారుతుంది, పిన్ను నిలవదు, సవరం బరువుకు జడ కిందికి దిగుతుంది. రింగుల జుట్టు మాత్రం పట్టు ఇస్తుంది, పూలు రాత్రి దాకా కదలవు. పెళ్లికూతుళ్లను అలంకరించేవారిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. రెండవది, రీబాండింగ్ చేసిన తర్వాత మూడు రోజుల వరకు తలస్నానం చేయకూడదు, జడ వేయకూడదు, క్లిప్పు పెట్టకూడదు, చెవి వెనుకకు కూడా నెట్టకూడదు. మైలపోలు నాడు నలుగు పెట్టి తలస్నానం చేయిస్తారు కదా, ఆ తంతు ఈ మూడు రోజులలో పడితే పెట్టిన డబ్బు వృథా. కనుక చేయించాలనే నిశ్చయిస్తే, పెళ్లికి కనీసం నెలన్నర ముందే చేయించుకోవాలి. జుట్టు ఎలా స్పందించిందో చూసుకోవడానికి ఆ వ్యవధి అవసరం.

ఇక మెహందీ విషయం. ఉత్త గోరింటాకు పొడి అయితే అది వెంట్రుక మీద పొరలాగా అంటుకొని ఉంటుంది కాబట్టి మందు ఒకచోట ఎక్కి మరొకచోట ఎక్కదు, ఫలితం ఎగుడుదిగుడుగా వస్తుంది. అసలు ప్రమాదం నల్ల మెహందీ పేరుతో దొరికే పొడులతో. వాటిలో కొన్నింటిలో లోహ లవణాలు కలిసి ఉంటాయి, కొత్త ఆకారం నిలవడానికి చివరలో మేము వేసే న్యూట్రలైజర్ అనే మందు తగలగానే అవి వేడెక్కి వెంట్రుకను తెంపేస్తాయి. నీవు వాడిన ప్యాకెట్టు మీద ఏమి రాసి ఉందో చూడకుండా, ఎవరినీ నీ తల మీద చేయి పెట్టనివ్వకు.

జవాబు (వనపర్తి, రసాయనశాస్త్రం బోధిస్తాను)

అమ్మా, తేడా ఏమిటని అడిగారు. దానికి ముందు జుట్టు రింగులు ఎందుకు తిరుగుతుందో చెప్పాలి. వెంట్రుక మొలిచే కుదురు నిటారుగా, గుండ్రంగా ఉంటే జుట్టు సూటిగా వస్తుంది, కుదురు వంగి, పక్కకు నొక్కుకొని ఉంటే రింగులు తిరుగుతుంది. ఆ ఆకారాన్ని వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌లో ఉన్న గంధకపు బంధాలు, అంటే డైసల్ఫైడ్ బంధాలు, బిగించి ఉంచుతాయి. వీటితోపాటు బలహీనమైన హైడ్రోజన్ బంధాలు కూడా ఉంటాయి. ఇస్త్రీ పెట్టె వంటి ఐరన్‌తో సాగదీసినప్పుడు సర్దుకొనేవి ఈ రెండో రకానివే కనుక, తడి తగలగానే జుట్టు మళ్లీ తన రూపానికి వస్తుంది.

రీబాండింగ్‌లో మొదట అమ్మోనియం థయోగ్లైకొలేట్ అనే క్షారగుణం గల క్రీము పూస్తారు. దాని పీహెచ్ విలువ సుమారు 9 నుంచి 9.5 వరకు ఉంటుంది. అది వెంట్రుక పైపొరను ఉబ్బించి లోపలికి వెళ్లి గంధకపు బంధాలను తెంపుతుంది. కడిగి, ఆరబెట్టి, సుమారు 180 డిగ్రీల వేడి గల ఐరన్‌తో పాయ పాయగా సాగదీసిన తర్వాత, హైడ్రోజన్ పెరాక్సైడ్ గాని సోడియం బ్రోమేట్ గాని ఉన్న న్యూట్రలైజర్ వేస్తే, తెగిన బంధాలు కొత్త ఆకారంలో మళ్లీ కలుస్తాయి. అయితే తెగినవన్నీ కలవవు. కాబట్టి ఎంత నైపుణ్యంతో చేసినా వెంట్రుక మునుపటి కంటే కొంత బలహీనపడక తప్పదు. స్మూతెనింగ్ అని పార్లర్లలో చెప్పేది చాలాచోట్ల ఇదే జాతి క్రీమును తక్కువ గాఢతతో, తక్కువ ఐరన్‌తో వాడే పద్ధతి. దాని పేరు మెత్తగా ఉన్నంత మాత్రాన రసాయనం వేరు కాదు.

ఈ మార్పు ఇప్పటికే మొలిచిన వెంట్రుకకే పరిమితం, కుదురు ఆకారం మారదు. తల వెంట్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి కనుక, ఆరు నెలలు గడిచేసరికి పైన ఆరు సెంటీమీటర్ల మేర రింగులు, కింద నిటారు జుట్టు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే చోట వెంట్రుక తేలికగా తెగుతుంది. దానిని సరిచేయించుకోవాలంటే మళ్లీ పార్లర్‌కు వెళ్లాలి, అప్పుడు కొత్తగా వచ్చిన భాగానికే మందు తగలాలి, పాత భాగానికి తగిలితే తెగుతుంది. ఈ వరుస ఎన్నేళ్లు సాగించగలరో ముందే ఆలోచించుకోండి, ఎందుకంటే నడుము దాకా ఉన్న జుట్టు మొత్తం తన సహజ రూపానికి తిరిగి రావాలంటే, కత్తిరించకుండా అయితే ఐదారేళ్లు పడుతుంది.

యాదగిరిగుట్టలో మొక్కు తీర్చి గుండు చేయించుకుంటే తర్వాత వచ్చే జుట్టు సూటిగా వస్తుందని మన ప్రాంతంలో కొందరు చెబుతారు. అది వాస్తవం కాదు. మొక్కు మొక్కుగానే చెల్లించుకోండి.

జవాబు (మిర్యాలగూడ)

నేను రీబాండింగ్ చేయించుకున్నదానిని, సంతోషంగానే ఉన్నాను. నాకు భుజాల వరకే జుట్టు, దానికి ముందు రంగు గాని మెహందీ గాని వేయలేదు, పార్లర్‌లో మొదట పాయ పరీక్ష, అంటే ఒక సన్నని పాయకే మందు పెట్టి చూడడం, చేసి చూపించారు. ఉదయం పూట ఐదు నిమిషాలలో తయారై పిల్లలను బడికి పంపగలుగుతున్నాను, ఆ సౌకర్యం తక్కువేమీ కాదు. కానీ కొత్త జుట్టు వచ్చినప్పుడల్లా ఖర్చు ఉంటుందని, కొసలు చీలుతాయి కాబట్టి తరచుగా కత్తిరించుకోవాలని తెలిసే ఇందులోకి దిగాను. మీ అమ్మగారు చెప్పినట్టు జుట్టంతా కుదుళ్లతో ఊడిపోవడం నా విషయంలో జరగలేదు.

జవాబు (ఆసుపత్రిలో నర్సును)

కుదుళ్లు ఊడడం గురించి అమ్మగారి భయాన్ని పూర్తిగా కొట్టివేయలేము. మందు సరిగా వాడినప్పుడు సాధారణంగా తెగేది వెంట్రుక, కుదురు కాదు. కాని క్షారపు క్రీము నెత్తి చర్మానికి తగిలి కాలితే, పుండు లోతుగా పడితే, ఆ చోట జుట్టు రాకపోవచ్చు. కాస్టిక్ సోడాతో చేసే రిలాక్సర్లు అనే మరో రకం నిటారు మందులకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పైగా అవి వాడిన జుట్టు మీద థయోగ్లైకొలేట్ వాడకూడదు, అటు నుంచి ఇటు మార్చినా జుట్టు తెగిపోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కెరాటిన్ ట్రీట్‌మెంట్ అయితే భయమే లేదన్న మాట. అది గంధకపు బంధాలను తెంపదు, మూడు నాలుగు నెలలలో తగ్గిపోతుంది, అంతవరకు నిజమే. అయితే ఆ పద్ధతిలోని పాత మందులలో చాలావరకు ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, లేదా నీటిలో కరిగిన రూపమైన మిథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. ఐరన్ వేడికి అది వాయువుగా మారి కళ్లు మండిస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఫార్మాల్డిహైడ్‌ను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని సీసా మీద రాసి ఉన్నా, అందులో మిథిలీన్ గ్లైకాల్ ఉంటే ఆ మాటకు విలువ లేదు. గాలి ఆడని చిన్న ఏసీ గదిలో రోజంతా ఈ పని చేసే పార్లర్ అమ్మాయిల సంగతి ఆలోచిస్తే నాకు మరింత బాధ కలుగుతుంది.

ఫార్మాల్డిహైడ్ స్థానంలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్న మందులు వచ్చాయి. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక యువతి విషయం ప్రచురితమైంది. 26 ఏళ్ల ఆమె 2020, 2021, 2022 సంవత్సరాలలో ఇటువంటి మందుతో జుట్టు సాఫు చేయించుకున్న ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నెత్తి మీద మంట, పుండ్లు, వాంతులు, జ్వరం, నడుము నొప్పి వచ్చాయి. ఆ మందును ఎలుకల చర్మం మీద పూసి చూసిన వైద్యులకు వాటి మూత్రపిండాలలో ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించాయి. ఇది అందరికీ జరుగుతుందని కాదు, కాని నెత్తి మండుతుందంటే ఓర్చుకోమని చెప్పే చోట కూర్చోకండి.

అమెరికాలో 33 వేలకు పైగా స్త్రీలను సుమారు 11 ఏళ్లు గమనించి 2022లో ప్రచురించిన మరొక అధ్యయనంలో, ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువగా జుట్టు నిటారు చేసే మందులు వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ ప్రమాదం, వాడనివారితో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువగా కనిపించింది. 70 ఏళ్లలోపు అది వచ్చే అవకాశం వాడనివారిలో 1.64 శాతమైతే తరచుగా వాడినవారిలో 4.05 శాతమని అంచనా వేశారు. ఇది సంబంధం ఉందని చెప్పడమే గాని, ఆ మందే కారణమని తేల్చినట్టు కాదు, ఏడాదికొకసారి చేయించుకునేవారికి ఆ లెక్క నేరుగా వర్తించదు. అయినా గర్భిణులు, బాలింతలు, ఇప్పటికే జుట్టు రాలుతున్నవారు, నెత్తి మీద సోరియాసిస్ గాని పుండ్లు గాని ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదని నా దృఢమైన అభిప్రాయం. మీరు పెళ్లి చేసుకోబోతున్నారు, తర్వాతి ఏడాదిలో బిడ్డ గురించి ఆలోచన ఉంటే ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. అనుమానం ఉంటే నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల వైద్యులకు ముందే చూపించుకోవచ్చు.

జవాబు (వనపర్తి, మళ్లీ)

ఒక్క మాట మరచిపోయాను. బోరు నీళ్లతో స్నానం చేసిన రోజే జుట్టు లేచి నిలబడుతుందన్నారు. అక్కడే నాకు సందేహం కలిగింది. నల్లగొండ ప్రాంతంలో బోరు నీరు చాలాచోట్ల కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టుగా మారి వెంట్రుకకు పట్టుకుంటాయి, షాంపూ వాడినా కొంత మిగులుతాయి. అప్పుడు రింగులు విడివిడిగా నిలవక చిక్కుపడి గరుకుగా ఉంటాయి. అంటే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది రింగులు కాక నీళ్లు అయి ఉండవచ్చు. రీబాండింగ్ చేయించుకున్నా అవే నీళ్లు పోసుకుంటే, బలహీనపడిన ఆ జుట్టు మరింత త్వరగా పాడవుతుంది.

కొన్ని వారాలు మిషన్ భగీరథ కుళాయి నీళ్లతో తలస్నానం చేసి చూడండి, అంత నీరు దొరకకపోతే చివర పోసుకునే నీళ్లయినా అవే వాడండి. తడి ఉండగానే కండిషనర్ పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుండి పైకి చిక్కు తీయండి, పొడి జుట్టును దువ్వకండి. ఇంత చేసిన తర్వాత కూడా మీకు నిటారు జుట్టే కావాలనిపిస్తే, అది మీ ఇష్టం, అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. సెలవులకు హైదరాబాద్‌లో పిన్ని ఇంట్లో ఉన్నప్పుడు నా జుట్టు ఇంత గరుకుగా ఉండదన్నది ఇప్పుడు గుర్తుకు వస్తున్నది. మెహందీ ప్యాకెట్టు వెతికి చూశాను. పొడిలో ఏమేమి కలిపారో దాని మీద రాసి లేదు, తయారుచేసినవారి చిరునామా కూడా లేదు. కాబట్టి పెళ్లికి ముందు ఏ మందూ పెట్టించుకోనని అమ్మకు, వదినకు చెప్పేశాను. విందు రోజు జుట్టు విప్పుకోవాలని ఉంది కనుక ఆ ఒక్క పూటకు ఐరన్ చేయించుకుంటాను. పెళ్లయ్యాక మళ్లీ ఆలోచిస్తాను. అప్పుడు పాయ పరీక్ష ఎలా చేయించుకోవాలో పార్లర్ అక్క కాస్త చెప్పగలరా?

జవాబు (మహబూబ్‌నగర్ పార్లర్)

తప్పకుండా. మెహందీ మానేసినా, అది పట్టిన జుట్టు కత్తిరించి పోయేదాకా తల మీద ఉన్నట్టే లెక్క, కాబట్టి పాయను కొస దాకా మెహందీ ఉన్న చోటు నుండే తీయాలి. మెడ దగ్గర, పైజుట్టు కింద దాగే చోట సన్నని పాయ కత్తిరించమను, దానికి క్రీము, ఐరన్, న్యూట్రలైజర్ మూడూ పూర్తిగా చేయించు. తర్వాత తడిపి రెండు చేతులతో మెల్లగా లాగి చూడు. ఆరోగ్యమైన తడి వెంట్రుక కొంత సాగి మళ్లీ తన పొడవుకు వస్తుంది. సాగి అలాగే ఉండిపోయినా, జిగురుగా తగిలినా, పుటుక్కున తెగినా నీ జుట్టు ఆ మందుకు తట్టుకోదని అర్థం. అలాగే చెవి వెనుక కొద్దిగా క్రీము రాసి 48 గంటలు ఆగి, దురద గాని ఎర్రదనం గాని వచ్చిందేమో చూడాలి. సీసాను నీ చేతికి ఇవ్వమని అడిగి, పదార్థాల పట్టిక, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదువు. పెద్ద డబ్బాలో నుండి గిన్నెలోకి తీసి తెచ్చి, పేరు చెప్పకుండా పూస్తామనే చోట చేయించుకోకు.

విందు రోజు ఐరన్‌కు ముందు జుట్టు పూర్తిగా ఆరాలి, తడి మీద ఐరన్ పెడితే వెంట్రుక లోపల నీరు ఆవిరై బుడగలు వచ్చి తెగుతుంది. వేడి తట్టుకునే సీరం రాసి, ఒక్కో పాయ మీద ఒక్కసారే నడిపించమని చెప్పు.