మోంజాలో ల్యాప్ సమయం తగ్గాలంటే బ్రేకును ఎలా వదలాలి?

విజయనగరంలోని మా ఇంట్లో చదువుకునే బల్లకే లాజిటెక్ జీ29 స్టీరింగ్‌ను బిగించుకుని, 2014లో విడుదలైన అసెట్టో కోర్సా అనే కారు పందేల వీడియో ఆటలో ఇటలీలోని మోంజా ట్రాక్‌పై జీటీ3 తరగతి రేసు కారు నడుపుతున్నాను. ఆట వాస్తవానికి దగ్గరగా ఉండాలన్న కోరికతో దారి చూపే గీతను తీసేశాను. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) మాత్రం నిజమైన జీటీ3 కార్లలోనూ ఉంటుంది కనుక ఉంచాను.

5.793 కిలోమీటర్ల ఆ చుట్టులో నా సమయమంతా మొదటి షికేన్ (వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే మలుపులు) దగ్గరే పోతోంది. అక్కడ గట్టిగా బ్రేకు వేసి, మలుపులోకి తిరుగుతూ పెడల్‌ను మెల్లగా వదిలితే బరువు ముందు చక్రాలపై నిలిచి కారు చక్కగా తిరగాలి. నేను కాస్త ముందుగా వదిలితే కారు ముందు భాగం బయటికి జారుతోంది, ఆలస్యమైతే వెనక భాగం తిరిగిపోతోంది. ఈ పెడల్ కాలు కదిలిన దూరాన్ని కొలుస్తుందే తప్ప నొక్కిన బలాన్ని కాదు. పైగా గచ్చు నున్నగా ఉండడంతో పెడళ్లు గోడ దాకా జరిగిపోతుంటే, కింద గోనెపట్టా పరిచాను (జనపనార మిల్లుల ఊరు కదా, వాటికి కొదవ లేదు).

నొక్కిన బలాన్ని కొలిచే లోడ్‌సెల్ పెడళ్లు కొనడం మంచిదా, లేక బ్రేకు బయాస్‌ను (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు బలం పంపకాన్ని) కొంత ముందుకు జరిపి వీటితోనే సాధన చేయాలా? ఒకే మానిటర్ వాడేవారు ఆటలో చూపు కోణాన్ని (తెరపై ఎంత వెడల్పు దృశ్యం కనిపించాలో చెప్పే అమరికను) ఎంత పెట్టుకుంటున్నారో, కంటికీ తెరకూ మధ్య దూరంతో సహా తెలియజేయగలరు.