అప్‌డేట్: తమ్ముడి స్టెరాయిడ్ మాత్రలు

మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు), విరేచనంలో రక్తం పడటం తగ్గింది కదా, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఆపేయొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వద్దని గట్టిగా చెప్పినవాళ్లందరికీ థాంక్స్. గాజువాక నుంచి సిటీకి వెళ్లి డాక్టరు గారిని కలిశాం. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నప్పుడు కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్) తయారుచేయడం తగ్గించేస్తాయట. ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకీ రావచ్చు. అందుకే 40 మిల్లీగ్రాముల నుంచి వారానికి 5 చొప్పున తగ్గిస్తున్నారు. పొద్దున్నే ఇడ్లీ తిన్నాకే మాత్ర. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. ఎముకలకి కాల్షియం, విటమిన్ డి. జబ్బు తిరగబెట్టకుండా అజాథయోప్రిన్ (రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే మందు) మొదలుపెట్టారు, అది పనిచేయడానికి 2-3 నెలలు పడుతుంది, రక్తపరీక్షలు తప్పవు. ముఖం ఉబ్బిందని వాడు కాలేజీకి వెళ్లనంటుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటోంది. డోసు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుందన్నారు.