అమ్మకు షుగర్, నాకు మడమ నొప్పి, తమ్ముడికి వేళ్ల సందుల్లో పాచి: దేనికి ఏం చేయాలి?

మల్కాజిగిరి వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ముగ్గురికీ పాదాల బాధే, కానీ ఒకరిది ఒకరిలా లేదు. నేను అమీర్‌పేటలో ఒక చీరల దుకాణంలో పనిచేస్తాను. దుకాణం తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. కొంతకాలంగా ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే కుడి మడమ కింద మేకు దిగినంత నొప్పి పుడుతోంది. కాసేపు అటూ ఇటూ నడిస్తే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ మొదలవుతుంది. ఎక్స్‌రే తీసి, మడమ ఎముక పెరిగిందని, ఇంజెక్షన్ వేయించుకుంటే మంచిదని చెప్పారు. ఒకసారి ఇంజెక్షన్ అలవాటైతే ప్రతిసారీ వేయించుకోవాలేమోనని భయంగా ఉంది.

మా తమ్ముడు బండి మీద తిరిగి ఇళ్లకు భోజనాలు అందించే పని చేస్తాడు. వానాకాలం మొదలైనప్పటి నుంచి వాడి బూట్లు ఆరిందే లేదు. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నానిపోయి, పొరలుగా ఊడి, విపరీతంగా దురద పెడుతోంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాయగానే దురద తగ్గింది కానీ, ఇప్పుడు అంచులు ఎర్రబడిన మచ్చ పాదం పైకి పాకింది.

అసలు దిగులు మా అమ్మ గురించి. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. రెండు మడమలూ లోతుగా పగిలాయి, ఎడమ బొటనవేలి మొదట్లో అరికాలి కింద ఆనెకాయ గట్టిపడింది. నొప్పి ఏమాత్రం లేదంటుంది. ఆషాఢంలో లష్కర్ బోనాలకు ఉజ్జయిని మహంకాళి గుడికి ఎప్పటిలాగే ఇంటి నుంచి చెప్పులు లేకుండా బోనం ఎత్తుకొని వెళ్తానంటోంది. వద్దంటే, "అమ్మవారి కాడికి చెప్పులేసుకొని పోతరా బిడ్డా" అని నా నోరు మూయిస్తోంది. ఆనెకాయకు మందు పట్టీ వేయమని ఒకరు, వేడినీళ్లలో కాళ్లు పెట్టించమని మరొకరు సలహా ఇస్తున్నారు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కూకట్‌పల్లి ఫిజియో:

మీ మడమ నొప్పి గురించి మాత్రమే రాస్తాను, మిగిలిన రెండింటికీ నాకంటే బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పొర సాగి ఉంటుంది. రోజంతా గట్టి నేల మీద నిలబడేవారిలో, బరువు పెరిగినవారిలో, పిక్క కండరాలు బిగుసుకుపోయినవారిలో ఆ పొర మడమకు అతుక్కునే చోట దెబ్బతింటుంది. రాత్రంతా ముడుచుకొని ఉన్న పొర ఉదయం ఒక్కసారిగా సాగుతుంది కాబట్టే మొదటి అడుగులోనే అంత నొప్పి తెలుస్తుంది.

ఎక్స్‌రేలో కనిపించిన ఎముక ముల్లును చూసి బెంగపడకండి. ఏ నొప్పీ లేని ఎంతోమంది మడమల్లో కూడా అలాంటి ముల్లు ఉంటుంది, దానిని తీసేయవలసిన అవసరం సాధారణంగా రాదు. మన దగ్గర మడమ నొప్పి అనగానే యూరిక్ యాసిడ్ పరీక్ష రాయించుకోవడం కూడా ఒక అలవాటుగా మారింది. యూరిక్ యాసిడ్ పెరిగితే వచ్చే గౌట్ అనే కీళ్ల జబ్బు ఎక్కువగా బొటనవేలి మొదటి కీలును ఉన్నట్టుండి ఎర్రగా వాపెక్కిస్తుంది, అది మీరు చెప్పిన నొప్పి తీరు కాదు.

ఉదయం మంచం దిగకముందే కుడి కాలిని ఎడమ మోకాలి మీద వేసుకొని, వేళ్లను చేత్తో పట్టుకొని మీ వైపుకు వంచండి. రెండో చేతి బొటనవేలితో అరికాలి వంపును నొక్కి చూస్తే, లోపల పొర తీగలా బిగుసుకోవడం తెలియాలి. అలా తెలిస్తేనే సరిగ్గా చేస్తున్నట్టు. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచి వదిలి, పదిసార్లు చేయండి. రోజుకు మూడు విడతలు చేయాలి, వాటిలో మొదటిది తప్పనిసరిగా నేల మీద కాలు పెట్టకముందే జరగాలి. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టి, మడమ లేవకుండా పిక్కను అర నిమిషం చొప్పున సాగదీయడం రెండో వ్యాయామం. సాయంత్రం ఇంటికి వచ్చాక నీళ్ల సీసాను గడ్డకట్టించి, దానికి బట్ట చుట్టి, అరికాలి కింద కాసేపు దొర్లిస్తే ఉపశమనం ఉంటుంది.

మన ఇళ్లలో చాలామంది విస్మరించేది నేల. గ్రానైటు, మార్బుల్, టైల్స్ మీద వట్టి కాళ్లతో తిరుగుతూ ఎంత వ్యాయామం చేసినా మడమకు విశ్రాంతి దొరకదు. ఇంట్లో తిరగడానికి విడిగా మెత్తటి చెప్పులు పెట్టుకోండి. ఎక్కువమందికి ఈ నొప్పి శస్త్రచికిత్స అక్కర లేకుండానే తగ్గుతుంది, అయితే అందుకు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాకా కూడా పట్టవచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. దానిని మళ్లీ మళ్లీ వేయించుకుంటే మడమ కింది కొవ్వు మెత్త కరిగిపోవచ్చు, ఫేషియా తెగే ప్రమాదమూ ఉంది. అందుకే ముందు వ్యాయామాన్ని శ్రద్ధగా చేసి చూడమంటాను.

ఒక మాట పక్కగా చెప్పాలి. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలను సవరించాయి. కొనేవారు లేని సమయంలోనైనా స్టూలు మీద కూర్చోనివ్వమని మీ యజమానిని అడగడంలో తప్పేమీ లేదు.

మందుల షాపు, దిల్‌సుఖ్‌నగర్:

మీ తమ్ముడికి వచ్చినది తేమలో పెరిగే ఫంగస్. ఆ ట్యూబు మీద సన్న అక్షరాల్లో ఏమని రాసి ఉందో ఒకసారి చూడండి. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, బీటామెథసోన్ అనే మాటల్లో ఏది కనిపించినా దానిని వెంటనే పక్కన పెట్టమనండి. అవి స్టెరాయిడ్‌లు. దురదను, ఎరుపును చిటికెలో అణచివేస్తాయి కాబట్టి మందు పనిచేస్తోందని అందరూ అనుకుంటారు, కానీ ఆ చోట చర్మం రక్షణ శక్తి తగ్గడంతో ఫంగస్ నిశ్శబ్దంగా పక్కకు పాకుతుంది. పైపూతగా వాడే స్టెరాయిడ్‌లను 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మా వృత్తిలోని వాళ్లే దీనిని పాటించడం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

స్టెరాయిడ్ కలవని టెర్బినాఫిన్ క్రీము అయితే ఒకటి రెండు వారాలు, క్లోట్రిమజోల్ అయితే సుమారు నాలుగు వారాలు రాయాలి. దురద పోగానే ఆపేయడం వల్లనే ఇది ఏటా వానాకాలానికి తిరిగి వస్తుంది. మీ తమ్ముడిది ఇప్పటికే పాదం పైకి వచ్చింది కాబట్టి చర్మ వైద్యులకు చూపించడమే మేలు, మాత్రలు అవసరం కావచ్చు. గోరు కూడా పసుపు రంగుకు తిరిగి దళసరిగా మారి ఉంటే క్రీముతో పని జరగదు, మాత్రలు నెలల తరబడి వాడవలసి వస్తుంది.

రెండు జతల బూట్లు పెట్టుకొని రోజు మార్చి రోజు వేసుకోవడం ఈ జబ్బుకు మందుతో సమానం. తడిసిన జత లోపలి అట్టను బయటికి తీసి, పాత వార్తాపత్రికలు కుక్కి ఫ్యాను కింద ఆరనివ్వాలి. బండి డిక్కీలో ప్లాస్టిక్ కవరులో పొడి సాక్సులు ఒక జత ఉంచుకొని మధ్యాహ్నం మార్చుకోమనండి. స్నానం తరువాత వేళ్ల సందుల్ని విడిగా తుడవాలి, ఆ తువాలును ఇంట్లో ఇంకెవరూ వాడకూడదు.

సిస్టరమ్మ:

నేను డయాబెటిస్ క్లినిక్‌లో పాదాల పరీక్ష చేసే నర్సును. ముగ్గురిలో అందరికంటే ముందు చూపించవలసింది నొప్పి లేదంటున్న మీ అమ్మగారినే. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. చెమట కూడా తగ్గి చర్మం ఎండి పగులుతుంది. వేళ్ల ఆకారం మారి, ఒకే చోట బరువు పడి ఆనెకాయ కడుతుంది. మామూలు మనిషి ఆ నొప్పికి కాలు పక్కకు వేస్తాడు, వీరికి నొప్పి తెలియదు కాబట్టి దాని మీదే నడుస్తారు. అలా నడవగా నడవగా ఆనెకాయ అడుగున కణజాలం నలిగి పుండు పడుతుంది, అది పైకి కనిపించకపోవచ్చు. ఆనెకాయలో నల్లగానో ముదురు ఎరుపుగానో చుక్క కనిపిస్తే లోపల రక్తం చేరిందని అర్థం.

ఇంట్లోనే చేయదగిన ఒక పరీక్ష ఉంది. అమ్మగారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో ఆమె రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలి కొసలను ఒక్కొక్కటిగా, నొక్కకుండా, ఒకటి రెండు క్షణాలు తాకి తీసేయండి. తాకినప్పుడల్లా ఏ కాలో చెప్పమనండి. ఒకే వేలిని రెండోసారి తాకి అవకాశం ఇవ్వకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకు మించి గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే లెక్క. ఆసుపత్రిలో పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో దీనినే మరింత కచ్చితంగా చూస్తారు, పాదంలో నాడి కొట్టుకోవడాన్నీ పరీక్షిస్తారు.

మందు పట్టీ వేయకండి. దానిలో ఉండే శాలిసిలిక్ యాసిడ్ ఆనెకాయనూ మంచి చర్మాన్నీ వేరుగా చూడదు, రెండింటినీ తినేస్తుంది. బ్లేడుతో కోయడం అంతకంటే ప్రమాదం. వేడినీళ్లూ, కాపడమూ, వేడి నీళ్ల సంచీ మా క్లినిక్‌కు వచ్చే కాలిన బొబ్బలకు ముఖ్య కారణాలు. పగుళ్లకు యూరియా కలిసిన క్రీము డాక్టరును అడిగి తీసుకొని, స్నానం కాగానే మడమలకు రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం ఏ క్రీమూ వద్దు. కొబ్బరినూనెలో మైనం కరిగించి పగుళ్లలో పోసే పద్ధతి షుగర్ లేనివారికి కొంత తేమను పట్టి ఉంచుతుందేమో, స్పర్శ లేని పాదానికి మాత్రం వేడి మైనం తాకనివ్వకండి.

ఆషాఢం కాబట్టి గోరింటాకు సంగతి కూడా రాస్తున్నాను. అరికాళ్లకు దట్టంగా పెట్టుకుంటే ఆ రంగు కింద ఎరుపూ కమిలిన గుర్తూ కనిపించవు, అందుకే అమ్మగారికి ఈసారి చేతులకు మాత్రమే పెట్టండి. నల్లగా పండే కోన్లలో కలిపే పీపీడీ అనే రసాయనం ఎవరికైనా బొబ్బలు తెప్పించగలదు.

మల్కాజిగిరి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. సిస్టరమ్మ గారూ, మీరు చెప్పినట్టే రాత్రి అమ్మకు పరీక్ష చేశాను. ఎడమ పాదంలో బొటనవేలు, నడిమి వేలు తాకినా ఆమెకు తెలియలేదు. నేను ఇంకా మొదలుపెట్టలేదనుకొని "కానియ్ మరి" అంది. ఆనెకాయలో నల్లటి చుక్క కూడా ఉంది. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తున్నాను. ఎలాంటి చెప్పులు కొనాలి, బోనం మాటేమిటి అన్నవి మాత్రం మిగిలాయి.

చెప్పుల తయారీ, సికింద్రాబాద్:

నేను డాక్టర్లు రాసిచ్చే ఎంసీఆర్ చెప్పులు కుడతాను. ఎంసీఆర్ అంటే సన్నటి గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు, లోపలి అట్టగా దానిని వేసి, అడుగున ముల్లు గుచ్చుకోని గట్టి సోలు వేస్తాము. బొటనవేలి దగ్గర పట్టీ ఉన్న హవాయి రకం వద్దు. స్పర్శ లేనివారికి చెప్పు జారిపోయినా తెలియదు, అందుకే మడమ వెనుక పట్టీ తప్పనిసరిగా ఉండాలి. మేకులు కొట్టినవి తీసుకోవద్దు, అతికించి కుట్టినవే తీసుకోండి. సాయంత్రం పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి కొలత అప్పుడే ఇవ్వాలి. అమ్మగారిని కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీసి కత్తిరించండి. ఆ కాగితాన్ని చెప్పు లోపల పరిస్తే అంచులు ఎక్కడా మడత పడకూడదు. పాత చెప్పులను కూడా వెంట తేవాలి, అరిగిన చోటు చూస్తే బరువు ఎక్కడ పడుతోందో మాకు అర్థమవుతుంది. మెత్త అణగిపోయాక పైకి బాగున్నా మార్చేయాలి.

సిస్టరమ్మ:

రెండు వేళ్లు తెలియకపోవడం, నల్ల చుక్క రెండూ ఉన్నాయి కాబట్టి సోమవారం దాకా కూడా ఆ కాలి మీద వీలైనంత తక్కువ నడిపించండి. ఈలోగా నీరు కారినా, దుర్వాసన వచ్చినా, పాదం వేడెక్కి ఎర్రగా వాచినా, జ్వరం తగిలినా ఆగకుండా ఆ రోజే నిమ్స్‌కో, గాంధీకో, ఉస్మానియాకో తీసుకువెళ్లండి. నొప్పి లేకుండా పాదం ఒక్కటే వేడిగా వాచితే ఎముకలు దెబ్బతింటున్నాయేమోనని కూడా అనుమానించాలి. చక్కెర పరీక్షకు, రోజువారీ మాత్రలకు మీ బస్తీ దవాఖానా సరిపోతుంది కానీ ఈ ఆనెకాయకు సరిపోదు.

డాక్టరు ఆనెకాయను చెక్కి చూశాక అడుగున పుండు ఉంటే ఈ ఏడాది బోనం మీరు ఎత్తుకోవలసిందే, ఆ మాట ఆమెకు డాక్టరుతోనే చెప్పించండి. మీరు చెబితే వినరు. పుండు లేకపోతే ఇంటి నుంచి గుడి వీధి దాకా ఆటోలో, కాళ్లకు చెప్పులతో తీసుకువెళ్లి, చెప్పులు వదలక తప్పని చోట దళసరి నూలు సాక్సులు తొడగండి. వాన నీరు నిలిచిన గుంతల్లో నడవనివ్వకండి, ఆ నీటిలో పగిలిన గాజు ముక్కలే కాక పగుళ్ల గుండా లోపలికి వెళ్లే క్రిములూ ఉంటాయి. ఇంటికి రాగానే గోరువెచ్చని నీటిని ముందు మీ మోచేత్తో చూసి ఆమె పాదాలు కడిగి, తుడిచి, అరికాలిని సెల్‌ఫోన్ దీపంతో మొత్తం చూడండి. ఆ తరువాత కూడా ప్రతి రాత్రీ అలాగే చూడాలి. గోళ్లు మూలలు గుండ్రంగా కాకుండా తిన్నగా కత్తిరించండి, ఆమె చూపు మందగించి ఉంటే ఆ పని కూడా మీరే చేయండి.