ఓలి తిరిగి కట్టమంటున్నారు, మా చెల్లి కట్టాలా?

పసుపుతోట:
మాది పాడేరు వైపు కొండ మీద చిన్న ఊరు. కొండదొర తెగవాళ్లం. ఆరేళ్ల కిందట మా చెల్లి పెళ్లికి అవతలివాళ్లు ఓలి (మగపెళ్లివాళ్లు పిల్ల పుట్టింటికి ఇచ్చేది) కింద 12 వేల రూపాయలు, ఒక మేక, రెండు బస్తాల బియ్యం, అమ్మకు చీర ఇచ్చారు. మొగుడు తాగి కొడుతుంటే భరించలేక, సంక్రాంతికి వచ్చిన పిల్ల మళ్లీ వెళ్లలేదు. మూడేళ్ల పాప ఉంది.

పోయిన వారం పెద్దమనుషులు కూర్చున్నారు. ఓలి మొత్తం, పైన తప్పు (జరిమానా) కింద 20 వేలు కడితేనే తెగతెంపులట. లేకపోతే ఆమె ఇంకా వాళ్లింటి మనిషే, మారుమనువుకు వీల్లేదు, పాపను పంపాలి.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఓలి పుచ్చుకున్నది నాన్న. ఆ డబ్బుతో మా ఇంటికి రేకులు వేయించాడు. చెల్లి చేతికి రూపాయి రాలేదు. ఆరేళ్లు వాళ్ల తోటలో కాఫీ పండ్లు కోసింది, పసుపు ఉడకబెట్టింది. ఆ కూలి ఎవరి లెక్కలోనూ లేదు. మేక మాత్రం అందరికీ గుర్తుంది!

చింతచెట్టు వకీలు:
అమ్మా, 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అందుకే మీ పెళ్లికీ విడాకులకూ ఆచారమే ఆధారం. కానీ 2005 గృహహింస చట్టానికి ఆ మినహాయింపు లేదు. రక్షణ, ఖర్చులు, తాత్కాలికంగా పాప సంరక్షణ, అన్నీ దాని కిందే అడగవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకూ షెడ్యూల్డ్ తెగలవారికీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పెద్దలు తెగతెంపులు ఒప్పుకుంటే మాత్రం కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించండి. నోటిమాట రేపు రేషన్ కార్డు దగ్గర కూడా పనికిరాదు.

కొండవాగు తాత:
ఓలి అంటే పిల్లను అమ్ముకోవడమని ఇక్కడ ఎవరైనా రాసేలోపే చెబుతున్నాను. ఆ బేరం మైదానంలో జరిగింది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో 1,034 శుల్కం పెళ్లిళ్లని పందొమ్మిదో శతాబ్దంలోనే విజయనగరం మహారాజు లెక్క తీయించారు. మా ఓలి, పిల్ల కష్టానికి ఇచ్చే మర్యాద. ఇక నీ సంగతి. మా ఊళ్లలో ఓలి తిరిగి ఇచ్చేది మారుమనువు చేసుకునే కొత్త మొగుడు, అమ్మాయి కాదు. కొట్టినవాడికి తప్పు వేయాల్సిందిపోయి దెబ్బలు తిన్నదానికి వేస్తారా? ఆ పెద్దలు ఎక్కడివాళ్లు తల్లీ?

కంపాలా తెలుగువాడు:
ఉగాండాలోనూ ఇదే తగాదా నడిచింది. 2015 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు, పెళ్లికి కన్యాశుల్కం ఇవ్వడాన్ని కొట్టేయలేదు గానీ, విడిపోయేటప్పుడు తిరిగి ఇమ్మనడం రాజ్యాంగ విరుద్ధమంది. కట్టలేక ఆడమనిషి దెబ్బలు తింటూ అక్కడే పడి ఉండాల్సి వస్తుందన్నదే వాదన. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడనక్కర్లేదు, అయినా వకీలుగారి చెవిన వేయండి.

పసుపుతోట:
తాతా, ఆ పెద్దల్లో ఇద్దరు మా ఊరివాళ్లే. కొత్త మొగుడు కట్టాలనే మాట వాళ్ల ముందు మీరే వచ్చి చెబితే బాగుండు, నేను చెబితే ఆడదానికి ఆచారం ఏం తెలుసంటారు. సోమవారం చెల్లిని తీసుకుని న్యాయ సేవల ఆఫీసుకు వెళుతున్నాను. మేక మాటకొస్తే, నాన్న దాన్ని పెళ్లిరోజే కోసి ఊరంతటికీ పెట్టాడు. ఆ ఇద్దరూ పంక్తిలో ముందు కూర్చుని తిన్నారు.