స్కిన్నర్ కూతుర్ని పెట్టెలో పెంచాడన్నది నిజమేనా?

చీపురుపల్లి అమ్మాయి:
అందరికీ నమస్తే. డీఎస్సీకి చదువుతున్నాను, ఏడు నెలల పాప ఉంది. మొన్న కోచింగ్‌లో సార్ కార్యసాధక నిబంధనం (చేసిన పనికి వచ్చే ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం) చెబుతూ, ఆ సిద్ధాంతం చెప్పిన అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ సొంత కూతుర్నే ఎలుకలా పెట్టెలో పెట్టి ప్రయోగాలు చేశాడని, ఆ పిల్ల పెద్దయ్యాక ఆత్మహత్య చేసుకుందని అన్నారు. ఇంటికొచ్చి పాపను ఎత్తుకుంటే అదే గుర్తొచ్చింది. ఆ పాఠం తెరవబుద్ధి కావడం లేదు. నిజమేనా? ఇంకోటి, పునర్బలనమంటే చేసే పనిని పెంచేది అని తెలుసు గానీ, ఋణాత్మక పునర్బలనానికీ శిక్షకీ తేడా దగ్గర ప్రతిసారీ తప్పు పెడుతున్నాను.

ఎస్జీటీ బాబాయ్:
మాకూ ఇదే చెప్పారు. అది బిట్‌గా రాదులెండి, వదిలెయ్యండి. పెట్టెలో ఎలుక మీట నొక్కితే ఆహారపు గుళిక పడుతుంది. అంతే.

పాత డైట్ మాస్టారు:
అమ్మా, అది అబద్ధం. డైట్‌లో, అంటే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో, ఇరవై రెండేళ్లు సైకాలజీ చెప్పాను. మొదట్లో నేనూ ఆ కథ చెప్పినవాణ్ణే, అందుకే కాస్త సిగ్గుపడుతూ రాస్తున్నా.

1944లో స్కిన్నర్ మినెసోటాలో ఉన్నాడు. చలి ప్రాంతం, పసిపిల్లలకు బట్టల మీద బట్టలు చుట్టాలి, అవన్నీ ఉతకాలి. రెండో కూతురు డెబొరా కోసం ఆయన ఒక తొట్టి తయారుచేశాడు. ముందు పెద్ద గాజు కిటికీ, లోపల వడకట్టిన వెచ్చటి గాలి, కింద బిగించి కట్టిన గుడ్డ. పిల్ల ఒక్క గోచీగుడ్డతో కాళ్లాడించుకుంటూ ఉండేది. మీట లేదు, గుళికలు లేవు. ఆడించడానికి, ఎత్తుకోవడానికి బయటికి తీసేవారు. దాని గురించి 1945లో లేడీస్ హోమ్ జర్నల్‌కి వ్యాసం ఇస్తే, పత్రికవాళ్లు ‘పెట్టెలో పాప’ అని పేరు పెట్టారు. ఎలుకల పెట్టెతో ఆయన పేరు ఎటూ ముడిపడి ఉంది. జనం రెండు పెట్టెలనూ ఒకటి చేసేశారు.

డెబొరా లండన్‌లో చిత్రకారిణిగా స్థిరపడింది. తాను ప్రయోగశాల ఎలుకను కానని 2004లో గార్డియన్ పత్రికలో తానే రాసింది. అక్క జూలీ తన పిల్లల్నీ అలాంటి తొట్టిలోనే పెంచింది.

అసలు స్కిన్నర్‌ది వడ్రంగి బుద్ధి. ఇంగ్లీషు సాహిత్యం చదివి, రచయిత అవుదామని అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని, ఏమీ రాయలేక చివరికి హార్వర్డ్‌లో సైకాలజీకి వచ్చాడు. ఎలుకలకు వేసే గుళికలు కూడా తనే చేసుకునేవాడు. ఓ శనివారం లెక్క చూసుకుంటే సోమవారానికి సరిపోవు. మళ్లీ కూర్చుని చేయడానికి బద్ధకం. నొక్కిన ప్రతిసారీ ఇవ్వకుండా నిమిషానికొకటి ఇస్తే పోలా అనుకున్నాడు. ఎలుకలు నొక్కడం మానలేదు! మీరు బట్టీ పట్టే పాక్షిక పునర్బలనం అక్కడ మొదలైంది. ఈ శనివారం సంగతి తెలిశాకే నాకు ఆ పాఠం చెప్పడం వచ్చింది.

1953లో డెబొరా లెక్కల క్లాసుకు వెళ్లి చూశాడు. పిల్లలందరూ ఒకే వేగంతో నడవాలి, చేసింది తప్పో ఒప్పో వెంటనే తెలీదు. కొద్ది రోజుల్లోనే, ఎవరి వేగంతో వాళ్లు నడిచి తప్పొప్పు వెంటనే తెలుసుకునేలా ఒక బోధనా యంత్రం చేశాడు. కార్యక్రమయుత బోధన అని మీ పుస్తకంలో ఉండేది ఇదే.

చీపురుపల్లి అమ్మాయి:
మాస్టారూ, మనసు తేలికైంది. మరి ఆ ఋణాత్మకం?

పాత డైట్ మాస్టారు:
మీ ఇంట్లోనే ఉంది. పాప ఏడుస్తుంది, మీరు ఎత్తుకుంటారు, ఏడుపు ఆగుతుంది. ఆ మోత తప్పింది కాబట్టి ఈసారి ఇంకా తొందరగా ఎత్తుకుంటారు. ఇబ్బంది తొలగిపోయి, చేసే పని పెరిగింది. ఇది ఋణాత్మక పునర్బలనం, నేర్చుకున్నది మీరు. పాపకేమో మీ చంక దొరికింది, అది ధనాత్మకం. శిక్ష అంటే చేసే పనిని తగ్గించేది. ‘ఋణ’ అనగానే దెబ్బ అనుకోకండి, తీసివేత గుర్తు అనుకోండి.

శిక్షంటే స్కిన్నర్‌కు గిట్టేది కాదు. చిన్నప్పుడు ఓ చెడ్డమాట అన్నందుకు వాళ్లమ్మ సబ్బుతో నోరు కడిగిందట. లాయరైన తండ్రి, తప్పు చేస్తే ఎక్కడికి పోతావో చూడు అన్నట్టు జైలు తిప్పి చూపించాడట.

ఎస్జీటీ బాబాయ్:
మాస్టారూ, దోమలు కుడితే ఫ్యాన్ వేయడం ఏ పునర్బలనం అని మా మోడల్ పేపర్లో వచ్చింది. నేను శిక్ష అని పెట్టాను.