అమృతపాణి అరటి ఆకులు వేలాడిపోతున్నాయి, ఏం తెగులు?

పెరటితోట, అమలాపురం:
మా పెరట్లో అమృతపాణి ఇంకా గెల వేయలేదు. అడుగు ఆకులు అంచుల నుంచి పసుపుపచ్చగా మారి, కాడ దగ్గర విరిగి చెట్టు చుట్టూ వేలాడుతున్నాయి. మొవ్వు మాత్రం పచ్చగానే ఉంది. కాండం అడుగున నిలువునా చీలింది. నీళ్లకు లోటు లేదు. పక్కనున్న పిలక తీసి వేరేచోట నాటుకోవచ్చా?

లంకరైతు:
ముందు ఆ పిలక జోలికి వెళ్లకండి. మీరు చెప్పినవన్నీ పనామా తెగులు లక్షణాలే. అయినా కోసి చూడనిదే తేల్చి చెప్పను. మనం కాండం అనేది నిజానికి ఆకుల తొడుగులు; అసలు కాండం భూమిలోని దుంపే. దాన్ని అడ్డంగా కోయండి. తెల్లగా ఉంటే వేరే కారణం వెతుకుదాం. ఎర్రటి, గోధుమరంగు చుక్కలూ చారలూ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేళ్లలోంచి దూరి నీరు పైకెక్కే దారులు మూసేస్తుంది. మీరు ఎంత తడి పెట్టినా ఆకుకు అందదు.

మందుల దుకాణాల చుట్టూ తిరగవద్దు, సోకిన చెట్టును బతికించే మందు లేదు. దుంపతో సహా తవ్వి అక్కడే కాల్చేయండి. కాలువలో పడేస్తే దిగువ తోటలకు మీరే పంపినట్టు. కత్తినీ పారనూ శుభ్రం చేయకుండా మరో చెట్టుకు వాడవద్దు. పిలక నిగనిగలాడుతున్నా తల్లి తెగులు అందులో ఉండవచ్చు.

శిలీంధ్రం మట్టిలో దశాబ్దాలు ఉంటుంది. వాసనకు మురిసి మళ్లీ అదే గోతిలో అమృతపాణి వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! అక్కడ కర్పూర చక్కెరకేళి గానీ గ్రాండ్ నైన్ గానీ వేయండి. మధ్య అమెరికాలో గ్రోస్ మిషెల్ అనే అరటి రకం తోటలు ఈ తెగులుకే తుడిచిపెట్టుకుపోతే 1960ల నాటికి ఎగుమతిదారులు దాన్ని తట్టుకునే కావెండిష్‌కు మారారు. గ్రాండ్ నైన్ ఆ కావెండిష్ రకమే.

కొబ్బరిగట్టు:
కావెండిష్‌కూ వస్తోందంటున్నారు కదండీ?

లంకరైతు:
వస్తోంది, అది ఇదే శిలీంధ్రంలో టీఆర్4 అనే మరో రకం. బీహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో బయటపడింది. అందుకే ఎక్కడెక్కడి పిలకలో లారీలో దింపుకోకుండా నమ్మకమైన చోట టిష్యూ కల్చర్ (ప్రయోగశాలలో పెంచిన) మొక్కలు కొనమంటాను.

పెరటితోట:
కోశాను. దుంప నిండా ఎర్రటి చుక్కలే. పోనీ అక్కడ బొంత అరటి వేయవచ్చా? ఇంట్లో కూరకు కావాలంటున్నారు.

లంకరైతు:
బొంతకూ సోకుతుంది. తప్పదంటే పెరటికి అటు చివర, ఈ గోతి నీరు పారని చోట వేసుకోండి.